నిరపేక్ష వియోగం: పాట్సీ క్లైన్ ‘షీజ్ గాట్ యూ’ పాట, విప్రలంభ పరిధి

వ్యాససంగ్రహం:
విడిపోయిన ప్రియుని తలచుకొనే పాట ఏ భాషలోనిదైనా దానిని విప్రలంభ శృంగారమని పేర్కొనడం మన సాహిత్య విమర్శలో అలవాటుగా మారింది. విప్రలంభానికి ప్రాణం పునస్సమాగమాపేక్ష. ఆ అపేక్షకు తావులేని వియోగాన్ని మన లాక్షణికుల పరిభాషతో ఎంతవరకు వివరించగలమన్నది ఈ వ్యాసం లేవనెత్తే ప్రశ్న. అమెరికన్ కంట్రీ-పాప్ ధోరణికి చెందిన ‘షీజ్ గాట్ యూ’ (1962) పాటను లక్ష్యంగా గ్రహించి, అందులో ఉద్దీపన విభావం ఆలంబన స్థానాన్ని ఆక్రమించిన తీరును, ఆ పాటకు ఆధారమైన ఆంగ్లక్రియ తెలుగులోకి వచ్చేటప్పుడు కలిగే అర్థభేదాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: విప్రలంభం, కరుణం, సాపేక్షత, ఉద్దీపన విభావం, అభిజ్ఞానం, కంట్రీ-పాప్, నాష్‌విల్ సౌండ్, పాట్సీ క్లైన్, హ్యాంక్ కోక్రన్.

1. ఉపోద్ఘాతం

పరీక్ష పత్రాలు దిద్దే అధ్యాపకులందరికీ ఒక విషయం అనుభవమే. సినిమా పాటలో నాయికానాయకులు ఒకరికొకరు దూరంగా ఉంటే చాలు, విద్యార్థి ‘విప్రలంభం’ అని రాసి ముందుకు సాగిపోతాడు. నాయకుడు దేశాంతరం వెళ్ళాడా, అలిగి కూర్చున్నాడా, మరొకరిని పెళ్ళాడి స్థిరపడ్డాడా అన్న విచారణ ఉండదు. విద్యార్థులను అని ప్రయోజనం లేదు. ఆధునిక గీతాల మీద వచ్చిన పరిశోధన వ్యాసాలలోనూ ఈ పదాన్ని ఇంతే ఉదారంగా వాడుతున్నారు.

ఒక పరిభాష ఎంతవరకు పనిచేస్తుందో తెలియాలంటే అది పుట్టిన సంప్రదాయానికి బయట ఉన్న లక్ష్యం మీద దానిని ప్రయోగించి చూడడం ఒక మార్గం. అందుకోసమే ఇక్కడ ఒక అమెరికన్ పాటను ఎంచుకున్నాను. మన పదసాహిత్యంతో దానికి ప్రభావసంబంధం ఏదీ లేదు. ఉన్నదని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశమూ కాదు.

2. పాట నేపథ్యం

‘షీజ్ గాట్ యూ’ పాటను రచించినవాడు హ్యాంక్ కోక్రన్. గాయని పాట్సీ క్లైన్. నిర్మాత ఓవెన్ బ్రాడ్లీ. 1961 డిసెంబరులో నాష్‌విల్ నగరంలో రికార్డు చేసిన ఈ పాటను డెక్కా సంస్థ 1962 జనవరిలో విడుదల చేసింది. బిల్‌బోర్డ్ కంట్రీ పట్టికలో మొదటి స్థానానికి, పాప్ పాటల ‘హాట్ 100’ పట్టికలో 14వ స్థానానికి చేరింది. అంతకుముందు 1961లో కోక్రన్, హార్లన్ హోవర్డ్ కలిసి రాసిన ‘ఐ ఫాల్ టు పీసెస్’, విల్లీ నెల్సన్ రాసిన ‘క్రేజీ’ పాటలతో క్లైన్ ఈ రెండు పట్టికలలోనూ నిలిచింది. ‘కంట్రీ-పాప్’ అన్న జంటపేరుకు ఆధారం ఈ రెండు శ్రోతృవర్గాల కలయికే.

ఆ కలయిక యాదృచ్ఛికంగా జరిగినది కాదు. 1950ల మధ్యలో రాక్ అండ్ రోల్ ప్రభంజనానికి కంట్రీ సంగీత విపణి దెబ్బతిన్నది. ఓవెన్ బ్రాడ్లీ, చెట్ అట్కిన్స్ వంటి నిర్మాతలు పల్లె సంగీతపు గరుకుదనాన్ని తగ్గించారు. ఫిడేలు, స్టీల్ గిటారుల ప్రాధాన్యం తగ్గించి, వయొలిన్ బృందాలను, మృదువైన వంతపాటను ప్రవేశపెట్టి నగర శ్రోతలకు చేరువయ్యారు. ఈ పద్ధతికి ‘నాష్‌విల్ సౌండ్’ అని పేరు వచ్చింది. దీనివల్ల కంట్రీ సంగీతం తన సహజత్వాన్ని అమ్ముకున్నదని చాలామంది విమర్శించారు. ఆ విమర్శలో నిజం లేకపోలేదు. అయితే ప్రస్తుత గీతం విషయంలో ఆ నునుపుదనం అర్థానికి ఎలా తోడ్పడిందో ముందు చూస్తాం.

పాటలోని విషయం చాలా స్వల్పం. ఒక స్త్రీ తనను విడిచి వెళ్ళిన ప్రియుని ఉద్దేశించి తన వద్ద మిగిలిన వస్తువులను లెక్కపెడుతుంది. మొదటి చరణంలో అతడు సంతకం చేసి ఇచ్చిన ఛాయాచిత్రం. రెండవ చరణంలో ఇద్దరూ కలిసి విన్న గ్రామఫోను రికార్డులు. తరువాత వేరొక వరుసలో సాగే నడిమి ఖండం. మూడవ చరణంలో అతడిచ్చిన ‘క్లాస్ రింగ్’. ఈ చివరి వస్తువుకు కొంత వివరణ అవసరం. అమెరికాలో ఉన్నత పాఠశాల విద్యార్థులు తమ బడి పేరు, చదువు పూర్తిచేసే సంవత్సరం చెక్కిన ఉంగరాన్ని కొనుక్కోవడం ఆచారం. యువకుడు ఆ ఉంగరాన్ని ఒక అమ్మాయికి ఇస్తే ఆమె తనదని లోకానికి చెప్పినట్లు. అది నిశ్చితార్థం కాదు, కేవలం పరిచయమూ కాదు.

ప్రతి చరణమూ ఒకే విధంగా నడుస్తుంది. వస్తువు ఎప్పటిలాగే ఉంది. మారినది ఒక్కటే: వస్తువు నా దగ్గర, నీవు ఆమె దగ్గర. చరణాంతంలో వచ్చే ఈ మాటను మన శతకాలలోని మకుటంతో పోల్చవచ్చు. అయితే శతకమకుటం స్థిరం. ఇక్కడ దాని పూర్వార్ధంలో వస్తువు పేరు మారుతూ ఉంటుంది, ఉత్తరార్ధం మారదు. మూడవసారి వచ్చేటప్పటికి ఉంగరం పేరు కూడా ఉండదు. మూడు వస్తువులూ కలిసి ‘చిన్నచిన్న వస్తువులు’ అన్న సామాన్య వాచకంగా కుదించుకుపోతాయి. ఒక్కొక్కటిగా అపురూపంగా చూపించిన వాటిని చివరికి ఒక్క మాటతో తేలికచేయడంలోనే నాయిక నిర్వేదమంతా ఉన్నది. కోక్రన్ రచనానైపుణ్యం గురించి వేరే చెప్పనక్కరలేదు.

3. విప్రలంభ భేదాలలో ఈ నాయిక ఎక్కడ?

విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో విప్రలంభాన్ని పూర్వరాగ, మాన, ప్రవాస, కరుణాత్మకాలుగా నాలుగు విధాలు చేశాడు. మమ్మటుడు అభిలాష, విరహ, ఈర్ష్యా, ప్రవాస, శాప హేతుకాలని ఐదు చెప్పాడు. ఈ పాటలోని నాయికకు వీటిలో ఏది వర్తిస్తుంది? కలయిక జరిగిపోయింది కనుక పూర్వరాగం కాదు. అలిగినది ఆమె కాదు, అతడూ అలిగి వెళ్ళలేదు కనుక మానం కాదు. ఈర్ష్య అందామా అంటే ఆమె రెండవ స్త్రీని ఒక్క మాటా అనదు, ఆమె పేరు చెప్పదు, ఆమెతో తనను పోల్చుకోదు. అతడు వెళ్ళినచోటినుంచి తిరిగి రావడమన్నది లేదు కనుక ప్రవాసం కాదు. అతడు బ్రతికే ఉన్నాడు కనుక మహాశ్వేతా పుండరీకుల కథలోని కరుణ విప్రలంభమూ కాదు.

అష్టవిధ నాయికల వైపు చూసినా ఇదే చిక్కు. విరహోత్కంఠిత ఆలస్యమైన ప్రియునికోసం ఎదురుచూస్తుంది. ఖండిత పరస్త్రీ చిహ్నాలతో ఉదయాన తిరిగివచ్చిన వానిని నిలదీస్తుంది. కలహాంతరిత తానే తరిమివేసి పశ్చాత్తాపపడుతుంది. ప్రోషితభర్తృకకు భర్త తిరిగివచ్చే గడువు ఒకటి ఉంటుంది. ఈ ఎనిమిది అవస్థలూ సంబంధం ఇంకా కొనసాగుతున్నదన్న ప్రాతిపదిక మీద నిలిచినవే. క్షేత్రయ్య పదాలలో మువ్వగోపాలుడు మరొకతె ఇంటికి వెళ్ళినా, నాయిక ఎంత నిష్ఠురంగా మాట్లాడినా, ఆ మాటలు వినడానికి అతడైనా ఎదుట ఉంటాడు, అతని దగ్గరకు వెళ్ళి చెప్పడానికి సఖి అయినా ఉంటుంది. సఖి ఉన్నదంటే సందేశానికి దారి ఉన్నదన్నమాట. కోక్రన్ రాసిన పాటలో సఖి లేదు. హంస లేదు, మేఘం లేదు. దూత్యానికి అవకాశమే లేని ఏకాంతమిది.

‘దేవదాసు’ (1953) చిత్రాన్ని ఇక్కడ ప్రస్తావించడం ఉచితం. అందులోనూ ప్రియురాలు పరులపాలవుతుంది, ఆశ నశిస్తుంది. కాని అక్కడ వియోగానికి అంతస్తుల తేడా, కుటుంబ నిర్ణయం అనే బాహ్యకారణాలు ఉన్నాయి. నింద మోపడానికి ఒక స్థానమున్నది. ఈ పాటలో కారణం చెప్పలేదు. ఎవరినీ నిందించలేదు. ‘నీవు ఎందుకు వెళ్ళావు’ అన్న ప్రశ్న కూడా లేదు.

భరతుడు నాట్యశాస్త్రం షష్ఠాధ్యాయంలో కరుణ విప్రలంభాలకు చెప్పిన భేదం ఇక్కడ కీలకమవుతుంది. శాపం, ఇష్టజన వియోగం, విభవనాశం, వధ, బంధనం వంటివాటినుంచి పుట్టి నిరపేక్షమైనది కరుణం. ఔత్సుక్య చింతలనుంచి పుట్టి సాపేక్షమైనది విప్రలంభం. ఈ భేదానికి గీటురాయి మరణం కాదు, అపేక్ష. తరువాతి లాక్షణికులు భేదాల సంఖ్యను పెంచుతూ పోయినకొద్దీ ఈ గీటురాయి మరుగున పడిందని నా అభిప్రాయం. ఈ పాటలో స్థాయి రతి అన్నదాంట్లో సందేహం లేదు. శోకం స్థాయి కాదు. అయినా ఆ రతికి అపేక్ష లేదు. భరతుని సూత్రీకరణలో స్థాయిని బట్టి ఇది శృంగారం, అపేక్షను బట్టి కరుణం. ఈ రెండింటి నడుమ ఉన్న ఖాళీలోనే ఆధునిక ప్రేమగీతాలలో గణనీయమైన భాగం ఉన్నది. దీనికి ‘నిరపేక్ష వియోగం’ అన్న పేరును ప్రతిపాదిస్తున్నాను. ఐదవదో ఆరవదో విప్రలంభ భేదంగా దీనిని లెక్కించకూడదు. అపేక్ష లేనప్పుడు అది విప్రలంభమే కాదు.

దీనికి ఒక ఆక్షేపణ రావచ్చు. వస్తువులు ఎప్పటిలాగే ఉన్నాయని పదేపదే చెప్పడంలో అతడు తిరిగివస్తాడన్న ఆశ గూఢంగా లేదా? పైగా పాటంతా అతనినే ‘నీవు’ అని సంబోధిస్తున్నది కదా? సంబోధన విషయం అంగీకరించవలసిందే. అపేక్ష అంటూ ఏదైనా మిగిలి ఉంటే అది ఆ మధ్యమ పురుషలోనే ఉన్నది. కాని వస్తువుల విషయంలో మకుటం ఆ ఆశను ప్రతిసారీ ఖండిస్తున్నది. మారనిదాని పక్కనే మారినదాన్ని నిలిపి, మారినది అదొక్కటే అని ఆమె నొక్కిచెబుతున్నది. ఆశపడే మనిషి అలా లెక్క చెప్పదు.

4. ఉద్దీపనం ఆలంబనమైన తీరు

రాచకొండ నేలిన సింగభూపాలుడు రసార్ణవసుధాకరంలో ఉద్దీపన విభావాలను గుణ, చేష్టా, అలంకృతి, తటస్థాలని నాలుగుగా విభజించాడు. మొదటి మూడూ ఆలంబనాన్ని ఆశ్రయించినవి. వెన్నెల, కోకిల, మలయమారుతం వంటివి తటస్థాలు. ఈ పాటలో వెన్నెల లేదు, వానలేదు, రాత్రి అన్న మాట కూడా లేదు. ఉన్నవి మూడు గృహవస్తువులు. ఇవి తటస్థాలు కావు. ఎందుకంటే ప్రతి ఒక్కటీ అతని చేతిమీదుగా వచ్చినది, లేదా అతనితో కలిసి అనుభవించినది. అలంకృతులూ కావు. అతని ఒంటిమీద లేవు. అతని నుంచి విడివడి ఆమె వద్ద మిగిలిపోయినవి.

గమనించవలసిన మరొక అంశం. అతని గుణరూపాల గురించి పాట ఒక్క మాటా చెప్పదు. కన్నులు, నవ్వు, కంఠస్వరం ఏవీ లేవు. మన్మథావస్థలు పదింటిలో అభిలాష, చింతన, స్మృతి తరువాత చెప్పిన గుణకథనం ఇక్కడ పూర్తిగా లోపించింది. నాయిక స్మృతి దగ్గరే ఆగిపోయింది. ఛాయాచిత్రం గురించి చెప్పేటప్పుడు కూడా అందులో కనిపించే ముఖాన్ని వర్ణించదు, అడుగున ఉన్న సంతకాన్ని చెబుతుంది. అంటే ఆలంబనానికి చెందవలసిన వర్ణన అంతా ఉద్దీపనాలకు చెందింది. ఉద్దీపనం రతిని ఉద్దీపింపజేయడం మాని, తానే రతికి ఆశ్రయమైంది.

ఇక ఉంగరం. ప్రియుని గురుతుగా ఉంగరం మనకు కొత్త కాదు. సుందరకాండలో రాముని అంగుళీయకం సముద్రం దాటి సీతను చేరుతుంది. ఆమె చూడామణి తిరిగి రాముని చేరుతుంది. కాళిదాసు శాకుంతలంలో ఉంగరం నీటిలో జారిపోయి, చేప కడుపులోంచి రాజును చేరి, మరచిన ప్రేమను గుర్తుచేస్తుంది. ఈ అభిజ్ఞానాలన్నీ ప్రయాణం చేస్తాయి. ఒకరి చేతినుంచి మరొకరి చేతికి వెళ్ళి, చూపినవెంటనే పనిచేస్తాయి. కోక్రన్ పాటలోని ఉంగరం ఎక్కడికీ వెళ్ళదు. దానిని తీసుకువెళ్ళి చూపవలసిన రాజు మరచిపోయినవాడు కాదు, తెలిసి వెళ్ళినవాడు. జ్ఞప్తి ఉన్నవానికి అభిజ్ఞానంతో పనేమిటి? అందువల్ల ప్రేమకు సాక్ష్యంగా ఇచ్చిన ఉంగరం సాక్ష్యంగానే మిగిలింది. దాని మీద తీర్పు చెప్పేవారు లేరు.

నడిమి ఖండంలో నాయిక జ్ఞాపకాన్ని కూడా తన సొత్తుల పట్టికలో చేర్చబోతుంది. వెంటనే సందేహిస్తుంది: జ్ఞాపకం తన అధీనంలో ఉన్నదా, తానే దాని అధీనంలో ఉన్నదా అని. వ్యభిచారి భావాలలోని వితర్కానికి ఇంతకంటే క్లుప్తమైన ఉదాహరణ వెదకనక్కరలేదు. అంతవరకు యజమానురాలిగా వస్తువులను లెక్కించిన మనిషి ఒక్క క్షణం తానే ఒక వస్తువుగా మారుతుంది. ఆ తరువాత వచ్చే ఉంగరపు చరణాన్ని మనం మొదటి రెండు చరణాలను విన్నట్లు వినలేం.

5. ఒక క్రియ, తెలుగు వాక్యం

పాట మొత్తం ఆంగ్లంలోని ‘గాట్’ అనే ఒక్క క్రియ మీద నిలబడింది. ఛాయాచిత్రానికి, జ్ఞాపకానికి, మనిషికి అదే క్రియ. మూడింటికీ కర్మస్థానమే. శీర్షికలో ప్రియుడు కూడా ఫోటో వలె, ఉంగరం వలె ఒకరి అధీనంలోని పదార్థంగా కనిపించడానికి కారణం ఈ వాక్యనిర్మాణమే.

తెలుగులో ఈ సౌలభ్యం లేదు. స్వామ్యాన్ని చెప్పే సకర్మక క్రియ మన వాడుకలో లేదు. ‘ఉండు’ ధాతువుతో నెట్టుకొస్తాం. అదీ సంబంధాన్ని బట్టి రూపం మార్చుకుంటుంది. ‘నా దగ్గర పుస్తకం ఉంది’ అంటాం. ‘నాకు తమ్ముడు ఉన్నాడు’ అంటాం. ‘నా దగ్గర తమ్ముడు ఉన్నాడు’ అంటే వాడు ప్రస్తుతం నా ఇంట్లో ఉంటున్నాడని అర్థం. జ్ఞాపకం దగ్గరకు వస్తే ‘నాకు గుర్తుంది’. చేతిలోని వస్తువుకు ‘దగ్గర’, బంధుత్వానికి, మనోవ్యాపారానికి ‘కు’ ప్రత్యయం. ఈ భేదాన్ని తెలుగు వ్యాకరణం తప్పనిసరి చేస్తుంది. కాబట్టి ఈ పాటను తెలుగు చేసేవారు మొదటి చరణంలోనే ఒక నిర్ణయానికి రావాలి. ‘దగ్గర’ అన్న మాటను మకుటం రెండు భాగాలకూ వాడితే సమాంతరత నిలుస్తుంది. కాని ‘నువ్వు ఆమె దగ్గర ఉన్నావు’ అన్నప్పుడు ప్రియుడు కర్త అవుతాడు. తన ఇష్టంతో అక్కడ ఉన్నవాడవుతాడు. ఆంగ్లంలో అతనికి లేని బాధ్యత తెలుగులో వచ్చి చేరుతుంది. దానితో మూలంలో లేని నింద తొంగిచూస్తుంది. ‘ఆమె సొంతమయ్యావు’ అంటే క్రియ మారి మకుటం చెదరిపోతుంది, పైగా సినిమా పాట వాసన వస్తుంది.

ఇది కేవలం అనువాద సమస్య కాదు. ఎవరినీ నిందించని నిర్లిప్తత నాయిక స్వభావమని మూడవ భాగంలో చెప్పుకున్నాం. అందులో కొంత భాగం ఆమె స్వభావం, కొంత భాగం ఆ భాష ఇచ్చిన వెసులుబాటు. ప్రియుణ్ణి కర్మగా చేయగల వ్యాకరణం వల్ల అతడు వెళ్ళిపోయాడని చెప్పకుండానే ఆమె తన మాట ముగించగలిగింది. నడిమి ఖండానికి మాత్రం తెలుగు మరింత అనుకూలం. జ్ఞాపకమైనా, దయ్యమైనా, దిగులైనా మనిషిని ‘పట్టుకోవడం’ మన నుడికారమే. పట్టుకున్నది నేనా, నన్ను పట్టుకున్నదా అన్న వితర్కం తెలుగులో ఏ ప్రయాసా లేకుండా ఒదుగుతుంది.

6. గానం

నాష్‌విల్ సౌండ్ మీద వచ్చిన విమర్శను మళ్ళీ చూడాలి. మృదువైన వాద్యసహకారం, నెమ్మదిగా సాగే లయ, వెనుక వంతపాట. ఎక్కడా గరుకుదనం లేదు. మరో పాటకైతే ఇది లోపమే కావచ్చు. ఇక్కడ నాయిక చెప్పేదే మారని ఉపరితలం గురించి. ఫోటో చెదరలేదు, రికార్డు అరగలేదు, ఉంగరం మెరుపు తగ్గలేదు. వాద్యబృందం ఆ చెదరనితనాన్ని వినిపిస్తుంటే, దానికింద కదలిక గొంతు ఒక్కదానిలోనే ఉంటుంది. క్లైన్ చరణాలను తగ్గు స్వరంలో, దాదాపు మాట్లాడినట్లుగా అందుకుంటుంది. నడిమి ఖండంలో గొంతు పైకి లేస్తుంది. మళ్ళీ ఉంగరం దగ్గర తనను తాను అదుపు చేసుకుంటుంది. అక్షరాంతాలలో అప్పుడప్పుడు వినవచ్చే సన్నని జీర తప్ప ఏడుపు లేదు. అశ్రువును సాత్త్వికభావంగా చూపించకుండా దాని నిరోధాన్ని మాత్రమే వినిపించడం గాయని సాధించిన ఔచిత్యం. ఇంత నిగ్రహం లేకపోతే ఈ వస్తువుల జాబితా సానుభూతికోసం చేసిన విన్నపంగా దిగజారేది.

పురుష గాయకులు ఈ పాటను సర్వనామం మార్చి ‘హీజ్ గాట్ యూ’గా పాడారు. మార్పు చిన్నదే. కాని స్త్రీని ఒక పురుషుని అధీనంలోని వస్తువుగా చెప్పడం సమాజంలో అప్పటికే ఉన్న మాట. పురుషుణ్ణి అలా చెప్పడంలో ఉన్న కొత్తదనం ఆ రూపంలో పోతుంది.

7. 1963 తరువాత

పాట్సీ క్లైన్ 1963 మార్చి 5న టెనెసీ రాష్ట్రంలోని క్యామ్‌డెన్ సమీపంలో జరిగిన విమాన ప్రమాదంలో మరణించింది. అప్పటికి ఆమె వయస్సు 30 సంవత్సరాలు. ఆ మరుసటి రోజునుంచి ఈ పాటలోని రెండవ చరణం అర్థం మారింది. కలిసి విన్న రికార్డులు ఇంకా అలాగే పలుకుతున్నాయి, మనిషి లేదు అని చెప్పే గొంతు తానే ఒక రికార్డులో మిగిలిన గొంతు. పాటలోని నాయిక తన ప్రియునితో చెప్పిన మాటను శ్రోత గాయనితో చెప్పుకోవలసిన స్థితి ఏర్పడింది. ఇది కవి ఊహించినది కాదు, శబ్దశక్తితో సాధ్యమైనదీ కాదు. పాఠానికి బయట జరిగిన ఒక ప్రమాదం పాఠంలోని రసాన్ని మార్చివేసింది. ధ్వని సిద్ధాంతం వక్తృవైశిష్ట్యాన్ని వ్యంజనకు హేతువుగా చెప్పింది. వక్త లేకపోవడం కూడా ఆ వైశిష్ట్యాలలో ఒకటవుతుందా అన్నది ఆలోచించదగిన విషయం.

1977లో లొరెట్టా లిన్ ఇదే పాటను మళ్ళీ పాడింది. ఆమె క్లైన్‌కు ఆప్తమిత్రురాలు. స్నేహితురాలి స్మృతికి అంకితంగా వెలువరించిన ‘ఐ రిమెంబర్ పాట్సీ’ ఆల్బంలో ఇది చేరింది. నిర్మాత మళ్ళీ ఓవెన్ బ్రాడ్లీయే. ఈ పాట ఆ సంవత్సరం కంట్రీ పట్టికలో తిరిగి మొదటి స్థానానికి చేరింది. మాటలు మారలేదు. మధ్యమ పురుష అలాగే ఉంది. అయితే 1962లో ఆ ‘నీవు’లో, ఎంత సన్నగా అయినా, వినగల మనిషి ఒకడున్నాడు. 1977 నాటి ఆల్బంలో వినేవారికి ఆ సంబోధన వెనుక మరొకరు కనిపిస్తారు. ఆమెకు వినిపించదు. విడిచి వెళ్ళిన ప్రియుని పాటగా దానిని ఆస్వాదించేవారు ఆస్వాదిస్తూనే ఉన్నారు. ఆల్బం పేరు చదివి విన్నవారికి మాత్రం అది కరుణమే.